కాలవ గట్టు మీది పడవల కొట్టం

కర్నూల్లో కె.సి. కాలవ గట్టు మీద ఒక పొడుగాటి కొట్టం ఉంది. నలభై అడుగుల పొడుగు, పది పన్నెండు అడుగుల వెడల్పు, పైన కడప బండలు. తెలియనివాళ్లు దాన్ని చూసి ఎద్దుల కొట్టమనో, పోలీసు గుర్రాల సాల అనో అనుకుంటారు. అది మా కాలేజీ పడవల కొట్టం అని నేను చెప్తే నవ్వుతారు. బిందెడు నీళ్ల కోసం కొట్టుకునే సీమలో పడవ పందేలేమిటయ్యా అంటారు. నాకు ఒళ్లు మండిపోతుంది. అయినా చెప్పడం మానను. ఆ కొట్టం సంగతి మొదటి నుంచి చివరి దాకా తెలిసినవాళ్లం ఇద్దరమే. ఒకరు కాశన్న, ఆయన నోరు విప్పడు. రెండోవాణ్ణి నేను. ఇన్నాళ్లూ నేను ఎవరికీ చెప్పకుండా దాచుకున్న సంగతి ఒకటుంది, అదీ ఇందులోనే వస్తుంది.

నాది కోడుమూరు. మాకు మెట్ట చేలు, జొన్నా కొర్రా పండించుకునే ఇల్లు. ఈత రాదు. మా ఊళ్లో ఈదేటన్ని నీళ్లుంటే కదా రావడానికి. యాభై మూడో సంవత్సరం కర్నూలు కాలేజీలో చేరాను. చేరిన నాలుగు నెలలకే ఊరు రాజధాని అయి కూర్చుంది. ఎక్కడ చూసినా గుడారాలు, ఫైళ్లు మోసుకుని తిరిగే గుమాస్తాలు, ఇల్లు దొరక్క బంధువుల వసారాల్లో పడుకునే ఆఫీసర్లు. ఆ గుంపులో వచ్చినవాడే బసవరాజు గారు. బళ్లారి మనిషి, ఇంజనీరు. మద్రాసులో చదువుకునే రోజుల్లో పడవ పందేల్లో తెడ్డు వేసినవాడు. సాయంత్రం పూట కాలవ గట్టు మీద నడుస్తూ, ఆ తిన్నని నీళ్లను చూసి ఆయన మనసు పారేసుకున్నాడు. "రాజధాని వచ్చింది. ఇంక యూనివర్సిటీ రావడమెంత సేపు? వచ్చేసరికి మన పడవ జట్టు తయారుగా ఉండాల" అన్నాడు మా ప్రిన్సిపాల్ గారితో. యూనివర్సిటీ ఏమో తిరుపతికి పోయింది. ఆయన మాత్రం తగ్గలేదు. మద్రాసులో ఎవరినో పట్టుకుని పాత పందెం పడవ ఒకటి సంపాదించాడు. ముప్పై ఆరు అడుగుల సన్నని పడవ, నాలుగు తెడ్లది. రైల్లో వచ్చింది. స్టేషన్ నుంచి రెండు ఎద్దుల బండ్లు ఒకదాని వెనక ఒకటి కట్టి దాన్ని కాలవ దగ్గరికి తెస్తుంటే, ఊరు ఊరంతా వెంట నడిచింది. దానికి తుంగ అని పేరు పెట్టారు.

తుంగ కోసమే ఆ కొట్టం కట్టారు. పడవ ఒకటే అయినా జనం పడవల కొట్టమనే అన్నారు. కట్టేటప్పుడు బసవరాజు గారు క్యాంపులో ఉన్నారు. తిరిగి వచ్చి చూస్తే గోడలు లేచాయి, బండలు పడ్డాయి, వాకిలి తూర్పుకు తిరిగి ఉంది. కాలవ పడమట ఉంది.

"నీళ్లు ఆ దిక్కుంటే వాకిలి ఈ దిక్కు పెట్టినావేమయ్యా?" అని ఆయన నెత్తి కొట్టుకున్నాడు.

మేస్త్రీ మాత్రం కొంచెం కూడా బెదరలేదు. "పడమటికి వాకిలి పెట్టి, తూర్పు మూసేస్తే ఆ కట్టడం బాగుపడ్తాదా సార్? రాజధాని నిలబడల్లనా వద్దా?" అన్నాడు. చూస్తున్నవాళ్లంతా మేస్త్రీ పక్షమే. ప్రిన్సిపాల్ గారు కూడా, నేను కూడా. రాజధాని ఎట్లాగూ నిలబడలేదు, అది వేరే సంగతి. మేం మాత్రం మూడేళ్ల పాటు ప్రతి సాయంత్రం ఆ ముప్పై ఆరు అడుగుల పడవను తూర్పు వాకిట్లోంచి బయటికి లాగి, మూల మీద తుమ్మచెట్టుకు తగలకుండా నెత్తి మీదికి ఎత్తి, కొట్టం చుట్టూ తిప్పి కాలవలో దింపాం.

తెడ్లు వేసేవాళ్లు నలుగురు. లేవి, ఏసన్న, హనుమన్న, దాసన్న. నలుగురూ ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లు. అందరికంటే ముందు తెడ్డు లేవిది, జట్టుకు పెద్ద కూడా వాడే. అయిదోవాణ్ణి నేను. నన్నెందుకు తీసుకున్నారంటే, నేను తూకానికి తొంభై పౌండ్లు. పడవ వెనక చిన్న చెక్క మీద కూర్చుని, చుక్కాని తాళ్లు పట్టుకుని, "లాగు! వదులు!" అని అరిచేవాడు ఎంత తేలిగ్గా ఉంటే అంత మంచిది. తెడ్లు వేసే నలుగురూ వెనక్కి తిరిగి కూర్చుంటారు. ఎటు పోతున్నామో చూసేవాడు పడవలో ఒక్కడే. ఇంట్లో అన్నలు, హాస్టల్లో వస్తాదులు అందరూ నన్ను బక్కోడా అని పిలిచేవాళ్లే. ఆ చెక్క మీద కూర్చున్నప్పుడు మాత్రం నలుగురు వస్తాదులు నా నోటి మాటకు వంగి లేచేవాళ్లు. ఆ సుఖం ఎట్లాంటిదో పొట్టివాడికే తెలుస్తుంది.

ఆరోవాడు కాశన్న. కొట్టానికి కాపలా మనిషి కావాలని బసవరాజు గారు అడిగితే నేనే చేర్పించాను. మా ఊరి నేతగాడు. నూలు దొరక్క మగ్గాలు నిలిచిపోయిన రోజులవి. యాభై ఏళ్లుంటాయి, బక్క పలచటి మనిషి, పెండ్లాం పోయింది, పిల్లలు లేరు. రోజూ పడవ ముక్కు పట్టుకుని మాతో పాటు మోసేవాడు. నడుముల్లోతు నీళ్లలోకి దిగి, మేం ఎక్కిందాకా కదలకుండా పట్టుకుని, "పొండప్పా" అని ఒక తోపు తోసేవాడు. మేం తిరిగి వచ్చేదాకా గట్టు మీద అటూ ఇటూ నడుస్తుండేవాడు.

మొదటి వేసవి మా కొంప ముంచింది. మార్చిలో కాలవకు నీళ్లు ఆపేస్తారు, మళ్లీ వదిలేది జులైలోనే. ఆ నాలుగు నెలలు తుంగ బండల కప్పు కింద బోర్లా పడి ఉంది. మే నెలలో ఆ బండల కింద నిలబడితే మనిషికే ప్రాణం పోతుంది, చెక్కకు ఎట్లా ఉంటుందో మాకు తట్టలేదు. జులైలో కాలవకు నీళ్లొచ్చాయి. కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, ప్రిన్సిపాల్ గారి చేత దండ వేయించి పడవ దింపాం. అర ఫర్లాంగు పోయామో లేదో, చెక్కల సందుల్లోంచి నీళ్లు చిమ్మాయి. పడవ కూర్చుండిపోయింది. ఆ నలుగురూ ఈదుకుంటూ గట్టెక్కారు. నేను మునిగాను. కాశన్న పంచె కూడా విప్పకుండా దూకి, జుట్టు పట్టుకుని నన్ను లేపి నిలబెట్టాడు. నిలబడితే ఆ నీళ్లు నా గడ్డం దాకే. గట్టు మీదున్న ఊరంతా నవ్వింది. కాశన్న నవ్వలేదు. నా వీపు నిమిరి, "ఏం కాలేదు, ఏం కాలేదు" అన్నాడు.

బసవరాజు గారు కొట్టంలో కూలబడి, ఇంక పడవ పనికిరాదన్నాడు. కాశన్న ఆ చెక్కల సందుల్లో వేలు పెట్టి చూశాడు.

"ఎండకు పడుగు తెగినట్లు ఇది గూడా తెగింది సార్. మేం మగ్గం గుంతలో ఇసక పోసి తడుపుతాం. గోనెపట్టలు తడిపి కడతాం. గాలిలో ఆ చెమ్మ ఉంటేనే పోగు నిలబడేది. దీనికీ అట్లనే చేస్తే సరిపోతాది" అన్నాడు.

మద్రాసులో తెడ్డు వేసిన ఇంజనీరు నోరు తెరుచుకుని విన్నాడు. సందుల్లో నార, లక్క పెట్టి ఆ ఏటికి ఎట్లానో గడిపాం. వేసవి వచ్చేలోగా కాశన్న ఒక్కడే కొట్టం నడుమ పడవ పొడుగునా గుంత తవ్వాడు. హంద్రీ ఏటి ఇసక తెచ్చి పోశాడు. దాని మీద పడవను పెట్టి, తడి గోనెపట్టలు కప్పి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం కడవలతో నీళ్లు పోశాడు. కాలవ ఎండిన నాలుగు నెలలూ ఆ నీళ్లు ఫర్లాంగు దూరం బావి నుంచి మోశాడు. తను తాగే కుండలో నీళ్లు లేకపోయినా గోనెపట్టలు ఆరనిచ్చేవాడు కాదు. రెండో జులైలో తుంగను దింపితే ఒక్క చుక్క లోపలికి రాలేదు.

బసవరాజు గారు ఆ పలకలు తడిమి తడిమి చూసి, కాశన్నను కావిలించుకున్నాడు. "ఏం కావాలో అడుగు కాశన్నా" అన్నాడు.

కాశన్న పడవ పలక మీద చెయ్యి వేశాడు. "ఒక్కసారి పడవలో కూచోబెట్టుకోని హంద్రీ దాటియ్యండి సార్" అన్నాడు.

కర్నూలు చూడనివాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. హంద్రీ నదికి అడ్డంగా వంతెన కట్టి, ఆ వంతెన మీంచి కాలవను పారించారు. కింద ఏరు, పైన కాలవ. కొట్టం నుంచి మైలు దూరం. మా సాధన రోజూ అక్కడి దాకానే. వానలు తగ్గితే కింద ఏరు ఎండి ఉంటుంది, పైన మేం పడవ వేసుకుని పోతుంటాం. కాలవకు పక్క గోడ నీళ్ల మీదికి జానెడో మూరెడో లేస్తుంది, అంతే. నా చెక్క మీద కూర్చుంటే గోడ మీదుగా ఏరంతా కనపడేది.

"హంద్రీ దాటేదానికి పడవెందుకప్పా? ఆ గోడ పక్కన నడిచిపోతే సరిపోదా?" అన్నాడు లేవి.

అప్పుడు చెప్పాడు కాశన్న. వాళ్లమ్మది కడప దిక్కు. కడప దాకా పోయే ఈ కాలవలో సరుకుల పడవలు తిరిగిన రోజుల్లో, పెండ్లి చేసుకుని నూలు మూటల మధ్య కూర్చుని పడవలో కర్నూలు వచ్చిందట.

"పడవ హంద్రీ మీదికి వచ్చిందంట. కింద ఇసకలో ఒకామె చెలమ తోడుకుంటా తలెత్తి చూసిందంట. మాయమ్మ చెయ్యి ఊపిందంట. పసుపు బట్టల్లో పైన నీళ్ల మీద పోతాండాది కదా, గంగమ్మ అనుకోని ఆయమ్మ బిందె ఆడనే ఇడిసిపెట్టి రెండు చేతులూ ఎత్తి మొక్కిందంట. మాయమ్మ సచ్చిపోయేదాకా ఆ మాటే చెప్పేది. మగ్గంలో కాళ్లు పెట్టుకోని చెప్పేది. యాడ నుంచి యాడికి తగ్గిపోయినానో సూడు నాయనా అని నవ్వేది. గట్టు మీంచి చూస్తే నేల మీంచి చూసినట్లే కదప్పా. నీళ్ల మీంచి సూడల్ల. మాయమ్మ చూసినట్ల సూడల్ల."

ఆ తర్వాతే గమనించాను. ఎప్పుడైనా పని మీద హంద్రీ దాటాల్సి వస్తే ఆ గోడ పక్క దారిలో కాశన్న తల దించుకుని నడిచేవాడు. కిందికి చూసేవాడు కాదు.

"అదేం పెద్ద పని? మన సీను ఒక పూట తన చెక్క ఇస్తాడు. ఏం సీనూ?" అన్నాడు బసవరాజు గారు. అది అదనంగా మనిషిని ఓర్చే పడవ కాదు. ఒకడు ఎక్కాలంటే ఒకడు దిగాలి, తెడ్డు వెయ్యని చోటు నాదొక్కటే. "ఓ, రేపే" అన్నాను.

ఆ రేపు రాలేదు. మర్నాడు గాలి ఎక్కువగా ఉంది. ఆ మర్నాడు హనుమన్నకు జ్వరం. తర్వాత పరీక్షలు. తర్వాత సాధన మధ్యలో ఆపితే చేతులు బిగుసుకుపోతాయని లేవి కంటే ముందు నేనే అన్నాను. వారానికొకసారి కాశన్న ముఖం చూసి నేనే గుర్తు చేసుకుని, "రేపు తప్పకుండా కాశన్నా" అనేవాణ్ణి. ఆయన మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. "కానీలే అప్పా, పడవ యాడికి పోతాది" అనేవాడు.

దాచుకున్నది ఇదే, చెప్పేస్తాను. గాలీ కాదు, జ్వరమూ కాదు. నాకు భయం. కాశన్న నాకంటే బక్కవాడు. కాలవ తిన్నగా ఉంటుంది, చుక్కాని తిప్పే పనే పెద్దగా లేదు. ఆ ముసలాయన నా చెక్క మీద కూర్చుంటే పడవ నాతో పోయినట్టే పోతుంది. అప్పుడు ఆ నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. సీనుగాడు లేకపోయినా నడుస్తుందే అనుకుంటారు. నన్ను నీళ్లలోంచి జుట్టు పట్టి లేపిన మనిషికి ఒక్క గంట సేపు ఆ చెక్క ఇవ్వడానికి నాకు మనసు రాలేదు.

యాభై ఆరులో మాకు పందెం కుదిరింది. నవంబరు రెండో ఆదివారం మద్రాసు జట్టు కర్నూలు వస్తుంది, మా కాలవలో మాతో పోటీ చేస్తుంది. మూడేళ్ల కష్టం. మేం తిండీ నిద్రా మానేసి సాధన చేశాం. ఈలోగా రాజధాని హైదరాబాదుకు పోతోందన్నారు. పోతే పోనీ, పందెం ఉంటే చాలనుకున్నాం. అక్టోబరు ఆఖరులో బసవరాజు గారు కొట్టానికి వచ్చి తుంగ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆయనకు బదిలీ. పడవ సర్కారు ఆస్తి కనక దాన్నీ హైదరాబాదు పంపమని ఆర్డరు. పందెం లేదు. ఎల్లుండి పొద్దున పదింటికి లారీ వస్తుంది. అంత పెద్దమనిషి మా ముందే ఏడ్చాడు. ఆ రాత్రే రైలెక్కి వెళ్లిపోయాడు.

మరుసటి సాయంత్రం మేం కొట్టానికి వెళ్లేసరికి కాశన్న తయారై ఉన్నాడు. ఎప్పుడూ మోకాళ్ల పైకి మడిచి కట్టే పంచె ఆ రోజు పాదాల దాకా ఉంది. ఉతికిన రుమాలు తలకు చుట్టుకున్నాడు. గడ్డం గీయించుకున్నాడు. పడవ ముక్కు దగ్గర నిలబడ్డాడు.

"సీనూ, ఈపొద్దు నువ్వు దిగు. కాశన్నను ఎక్కిద్దాం" అన్నాడు లేవి.

నేను కాశన్న వైపు చూశాను. చూసే అన్నాను. "ఇదే ఆఖరి సాధన కదా లేవీ. మద్రాసోళ్లతో పోటీ లేకపోతే పోయింది, మన టైము ఎంతో మనకన్నా తెలియద్దా? లారీ పదింటికి కదా. పొద్దున్నే ఆరున్నరకు వచ్చి కాశన్నను తీసుకుపోదాం. పొద్దున పూట హంద్రీ ఇంకా బాగుంటుంది. ఏం కాశన్నా? రేపు?"

"కానీలే అప్పా" అన్నాడు కాశన్న. పాదాల దాకా ఉన్న పంచెను మళ్లీ మోకాళ్ల పైకి మడిచి నీళ్లలోకి దిగి పడవ పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం తుంగ నడిచినట్టు మూడేళ్లలో ఎప్పుడూ నడవలేదు. నా గొంతు చిరిగిపోయేట్టు అరిచాను. ఆ నలుగురూ ఒక్క మనిషిలాగా వంగారు, లేచారు. హంద్రీ మీదికి వచ్చినప్పుడు ఎండ ఏటవాలుగా ఇసక మీద పడి ఉంది. గొర్రెలు తోలుకుపోతున్నారు. అంత సంతోషం మళ్లీ ఎన్నడూ నా జన్మలో లేదు. అది చెప్పుకోవడానికి ఇప్పుడు నాకు సిగ్గు.

పొద్దున ఆరున్నరకు మేం వెళ్లేసరికి తుంగ లారీ మీద ఉంది. చల్లపూటే హైదరాబాదు దారి పడదామని డ్రైవరు అయిదింటికే వచ్చాడట. కాగితం చూపించాడట. ఇంక చేసేదేముంది, కాశన్నే దగ్గరుండి, చెక్కకు దెబ్బ తగలకుండా ఎండుగడ్డి పరిచి ఎక్కించాడు. తడి గోనెపట్టలు కప్పి తాళ్లు కడుతున్నాడు. ఒంటి మీద నిన్నటి పంచె, నిన్నటి రుమాలు.

"దారిలో నీళ్లు పోయప్పా. ఆరనిస్తే నోరు తెరుస్తాది. ఆడ హైదరాబాద్లో గూడా చెప్పు" అన్నాడు డ్రైవరుతో. డ్రైవరు నవ్వి బండి తీశాడు. లేవి నా ముఖం చూడలేదు. నేను కాశన్న దగ్గరికి పోలేదు. పోయి ఏం చెప్పాలి? హాస్టలుకు వెళ్లిపోయాను, చదువు అయ్యేదాకా మళ్లీ కొట్టం వైపు పోలేదు.

ఆ తర్వాత నాకు బద్వేలు హైస్కూల్లో పంతులు ఉద్యోగం వచ్చింది. పెండ్లయింది. క్లాసులో పిల్లలు వంగి లెక్కలు చేస్తుంటే ఒక్కోసారి నాకు ఆ నాలుగు వీపులు కనపడేవి. నాలుక చివర "లాగు" అన్న మాట వచ్చి ఆగిపోయేది. పడవ కోసం అంత తపన పడతానని అనుకోలేదు. ఆ తపన వచ్చిన ప్రతిసారీ దాని వెనకనే పాదాల దాకా కట్టిన పంచె గుర్తుకొచ్చేది. నేను మూడేళ్లు తిరిగి తిరిగి చూసినదాని కోసమే నాకింత తపన ఉంటే, చూడనే చూడని మనిషికి ఎట్లా ఉండాలి?

ఈ ఏడు, యాభై తొమ్మిది ఏప్రిల్లో, పరీక్ష పేపర్లు దిద్దే పని మీద కర్నూలు వెళ్లాను. పది రోజులు కొట్టం వైపు పోకుండా తప్పించుకున్నాను. పదో రోజు పని అయిపోయింది. మర్నాడు పొద్దున అయిదింటికి బద్వేలు బస్సు. సాయంత్రం నాలుగింటికి నా కాళ్లు వాటంతట అవే కాలవ గట్టు పట్టాయి.

కొట్టానికి పడమటి గోడలో పెద్ద వాకిలి ఉంది. మనిషి చేత్తో గోడ పగలగొట్టి చేసిన వాకిలి. లోపలి నుంచి మగ్గం చప్పుడు వస్తోంది. తొంగి చూశాను. తుంగ పడుకున్న గుంతలో కాళ్లు పెట్టుకుని కాశన్న నేస్తున్నాడు. పక్కన తడి ఇసక. పైన కట్టిన గోనెపట్టల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఎవరూ? సీనప్పా! ఎండన పడి వచ్చినావే. రా, ఈడ సల్లగుంటాది" అన్నాడు. మునుపటి కంటే ఇంకా చిక్కాడు, కండ్లకు అద్దాలు వచ్చాయి. "కాలేజోళ్లు ఉండమన్న్యారు. గుంత ఎట్లా తవ్వి ఉండాది, చెమ్మ ఉండాది. పోగు ఒక్కటి తెగదు. ఊర్లో గూడా ఇట్లాంటి గుంత లేదు."

"పడమటి వాకిలి ఎప్పుడు పెట్టినావు?"

"రెండేండ్లాయ. పడవ వస్తే మీరు మళ్లా ఆ తుమ్మచెట్టు సుట్టూ తిప్పుకోని సావల్లనా అని పగలగొట్టినా." నవ్వాడు. "రాదులే. నాకు తెలుసు. అయినా కాలవ గాలి వస్తాది కదా."

నేను గుంత పక్కన కూర్చుండిపోయాను. మూడేళ్ల నుంచి నోట్లో పెట్టుకు తిరుగుతున్నది కక్కేశాను. గాలి అబద్ధం, సాధన అబద్ధం, నా చెక్క పోతుందనే నిన్ను ఎక్కనీయలేదు అని చెప్పాను. ఏడ్చాను కూడా. కాశన్న పేక పోగును అటూ ఇటూ ఆడించే నాడె పక్కన పెట్టాడు.

"నాకు తెలుసప్పా. నువ్వు ఆ చెక్క మీద కూచుంటే నీ మొగం ఎట్లుండేదో గట్టు మీంచి చూసేటోణ్ణి నేను. ఎట్ల దిగమందును?"

ఆ మాట నన్ను కొట్టినట్టయింది. లేచి ఆయన చెయ్యి పట్టుకున్నాను. "లే కాశన్నా. హంద్రీ పోదాం."

"కాలవలో సుక్క నీళ్లు లేవు కదప్పా."

"లే" అన్నాను.

ఎండిన కాలవలో దిగి, నెర్రెలిచ్చిన బురద మీద మైలు నడిచాం. హంద్రీ వంతెన మీదికి వచ్చేసరికి రెండు పక్కలా గోడలు లేచాయి. కాలవ అడుగున నిలబడితే గోడ తప్ప ఏమీ కనపడదు. గోడకు నీళ్లు నిలిచిన చార ఉంది, సరిగ్గా నా గడ్డం ఎత్తులో. నేను ఆ చార మీద వేలు పెట్టి చూపించాను.

"నీళ్లు ఈడికి ఉంటాయి. పడవ దీని మీద తేల్తాది. నేను కూచునే చెక్క ఇంత ఎత్తులో ఉంటాది." చెయ్యి గోడ మీద ఆనించి, ఆ పైన కండ్లు ఎక్కడుంటాయో అంచనా వేశాను. గోడ అంచుకు మూరెడు పైన. చెప్పులు విప్పి కాశన్న ముందు కూర్చున్నాను. "భుజాల మీదికి ఎక్కు."

"ఛీ ఛీ, నీ మీద కాలు పెట్టేదేందప్పా? పంతులయినావు. మీ నాయన చూస్తే…"

"మా నాయన కోడుమూర్లో ఉన్నాడు. ఎక్కుతావా లేదా?" కసిరాను. పడవలో ఆ నలుగురినీ కసిరిన గొంతుతోనే.

కాశన్న కాలవ అడుగున చెప్పులు విడిచాడు. పంచె సర్దుకుని, రెండు కాళ్లూ నా భుజాల మీద వేసి కూర్చున్నాడు. గోడ పట్టుకుని లేచాను. ఏమంత బరువు లేడు. ఒక అడుగు వేశాను. నాకు తెలియకుండానే నోటి నుంచి వచ్చింది. "లాగు… వదులు… లాగు… వదులు…" అడుగుకొక మాట. గోడ పక్కనే మెల్లగా, ఒరగకుండా నడిచాను. నాకు గోడ రాళ్లు తప్ప ఏమీ కనపడటం లేదు. ఆయన రెండు చేతులతో నా తల పట్టుకున్నాడు.

నడిమధ్యకు వచ్చేసరికి "నిలువప్పా" అన్నాడు. నిలబడ్డాను. మెడ లాగేస్తోంది. కదలలేదు. అప్పుడు నా తల మీంచి ఒక చెయ్యి తీశాడు. ఆ చెయ్యి పైకెత్తి ఊపుతున్నట్టు ఆయన ఒళ్లు కదలడం నా భుజాలకు తెలిసింది. కింద ఎక్కడో ఇసకలోంచి ఎవరో ఆడమనిషి గొంతు ఏదో అంది. నాకు మాటలు అందలేదు.

"ఎవరు కాశన్నా? ఏం కనపడ్తాంది?"

ఆయన కండ్ల నీళ్లు నా నెత్తి మీద పడ్డాయి.

"చెప్పు కాశన్నా, ఏం చూసినావు?"

పైనుంచి ముక్కు చీదిన చప్పుడు. తర్వాత, గొంతులో నవ్వు దాచుకుంటూ అన్నాడు.

"రేపు చెప్తాలే సీనప్పా."

బద్వేలు బస్సు పొద్దున అయిదింటికి వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు.